తోడుచర్మం

తినదగిన పండు ఒంటికి పూసుకోవడానికీ తగినదేననీ, సున్నితమైన చర్మానికి పండ్ల సారాన్ని మించిన పూత లేదనీ లోకంలో గట్టి నమ్మకం ఉంది. అంగళ్లలో సీసాల మీద ఆ మాటే అచ్చవుతుంది. ఇళ్లలో పెద్దవాళ్ల నోటా ఆ మాటే వినిపిస్తుంది. ఆ వేసవిలో విశాఖపట్నం సీతమ్మధారలో హైమవతి ఇంటి డాబా మీద ఆ నమ్మకం చాటల్లో ఎండుతూ ఉంది.

చాటల నిండా మామిడి తొక్కలు. ఎండబెట్టినది హైమవతి అత్తగారు గున్నమ్మ. మనవరాలు చైత్ర పెళ్లిలో నలుగుకు పెసరపిండితో పాటు ఈ తొక్కల పొడి కలపాలని ఆమె పట్టుదల. ఆమె పుట్టింట నలుగు అలాగే పెట్టేవారు. భర్త పోయాక ఏ పెళ్లిలోనూ గున్నమ్మను నలుగుకు ఎవరూ పిలవలేదు. ఈ పెళ్లికి చైత్ర పిలిచింది. “మొదటి చెయ్యి నానమ్మదే. నచ్చనివాళ్లు భోజనాల వేళకి రావచ్చు” అని బంధువులకు తనే ఫోన్లు చేసి చెప్పింది. ఆనాటి నుంచి గున్నమ్మ ఎండను సైతం పూర్తిగా నమ్మడం మానేసింది. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ డాబా ఎక్కి తొక్కలు తిరగేసి వచ్చేది.

“ఇవి దాని ఒంటికి పడతాయంటారా, అత్తయ్యా?” అని అడిగింది హైమవతి, ఆరిన బట్టలు తీస్తూ.

“పండు పడకపోవడమేటే! నిన్న మూడు కాయలు లాగించింది నీ కూతురు. కడుపుకి పడ్డది తోలుకి పడదా?”

“నిమ్మకాయ కూడా తింటుంది. నిమ్మసారం ఉన్న పూత రాసుకుని ఎంత ఏడ్చిందో చూశారు కదా.”

“అది సీసాలోది. ఇది నా సేతిది.”

“సీసాలోదో చేతిలోదో చర్మానికి తెలియదు, అత్తయ్యా.”

“నీకు తెలీదని సెప్పు. మధ్యన సర్మాన్నెందుకు లాగుతావు?”

మెట్ల మీద కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటున్న చైత్ర నవ్వింది. “అమ్మా, నువ్వు లాబులో పరీక్ష పెట్టేదాకా ఊరుకోవు. నానమ్మ నెగ్గేదాకా ఊరుకోదు. మధ్యలో మండేది నా మొహం. కానివ్వండి.”

చైత్ర మాటలో అతిశయోక్తి లేదు. పసితనం నుంచీ ఆమెకు సబ్బు మండేది, కొత్త చొక్కా మెడ మండేది, చెమట మండేది. సున్నితమైన చర్మం కోసమే చేశామన్న బొప్పాయి పూతలూ కమలాతొక్క పూతలూ మరీ మండేవి. వైద్యుల దగ్గరికి తీసుకువెళ్తే దద్దు లేదు, ఎరుపు లేదు. పిల్ల గారాబం చేస్తోందని పంపేసేవారు. కంటికి కనిపించని మంటకు సాక్ష్యం లేదు. ఆ సాక్ష్యం కోసమే హైమవతి తన ప్రయోగశాలలో పదేళ్లపాటు శ్రమించి తోడుచర్మాన్ని పెంచింది.

*

మనిషి నుంచి మెంతిగింజంత చర్మం తీస్తే, పోషకద్రవం నింపిన గాజు పళ్లెంలో అది తమలపాకంత అవుతుంది. అందులో నరాల పోగులు కూడా పెరుగుతాయి. ఒకప్పుడు తనను బాధించిన పదార్థాలను గుర్తుపెట్టుకునే కణాలు సైతం అందులో బతికే ఉంటాయి. ఆ నరాల్లో పుట్టిన సంకేతాలు గాలిలో ప్రయాణించి మరొక మనిషి జబ్బకు కట్టిన పట్టీని చేరతాయి. పళ్లెంలోని చర్మం మీద ఏ చుక్క వేసినా, పట్టీ కట్టుకున్నవారికి అది తమ ఒంటి మీద పడినట్టే ఉంటుంది. కొన్ని పదార్థాలు వెంటనే ఏమీ అనవు, రెండో రోజు గాని బయటపడవు. అందుచేత పట్టీ కట్టుకున్నవారు దాన్ని తీయకుండా ఇంటికి వెళ్లి, వండుకుని, తిని, నిద్రపోయి రావాలని ప్రయోగశాల నియమం.

ఇదివరకే కూతురి తోడుచర్మం మీద నిమ్మ, కమలా, బొప్పాయి సారాలను హైమవతి పరీక్షించింది. మూడూ మండాయి. మొదటిసారి ఆ మంట తన జబ్బ మీద పుట్టినప్పుడు ఆమె పట్టీ విప్పకుండానే కూతురికి ఫోన్ చేసి, “నువ్వు చెప్పింది నిజమేనే” అంది. “ఇప్పుడా తెలిసింది?” అని అటు నుంచి జవాబు వచ్చింది.

మామిడి తొక్కల పొడి నుంచి సారం తీసి ఇచ్చినవాడు జోగారావు. అనకాపల్లి మనిషి, ప్రయోగశాల తెరిచిన నాటి నుంచీ హైమవతితో పనిచేస్తున్నాడు.

“మేడమ్, పెళ్లికూతురి చర్మం ఒక్కటే పెడితే లెక్క కుదరదు. దేనికీ చలించని చర్మం ఒకటి పక్కన ఉండాల. నాది పెడదామంటే మొన్న దానికి బూజు పట్టీసింది.”

“మా అత్తయ్య చేతులున్నాయి కదా. పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించుతుంది.”

“అయితే అదే మొండిచర్మం. పిలవండి.”

గున్నమ్మ చీర మార్చుకుని, జడ బిగించుకుని, చైత్ర కారు నడుపుతుంటే వచ్చింది. అరచేతిని బల్ల మీద పెట్టింది. వేళ్ల సందులు నల్లగా, చెక్కలా బిగిసిపోయి ఉన్నాయి. ఆమె పలాస జీడి బట్టీల్లో పాతికేళ్లు పిక్కలు కొట్టి కొడుకు త్రినాథ్‌ను చదివించింది. పిక్క పగిలినప్పుడు చిమ్మే జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. దానికి విరుగుడుగా చేతులకు బూడిద పూసుకుని కూర్చునేవారు.

“అమ్మా, కొంచెం నొప్పెడతాది” అన్నాడు జోగారావు సూది పట్టుకుని.

“కానీ నాయినా.” సూది వచ్చింది, వెళ్లింది. “అయిపోయిందేటి? దీనికేనా ఇంత ముస్తాబై వచ్చేను!”

*

తోడుచర్మాలు పెరిగాక, ఇంకా ఏ సారమూ వేయకముందే, హైమవతి రెండు పట్టీలు కట్టుకుంది. కుడి జబ్బకు కూతురిది, ఎడమ జబ్బకు అత్తగారిది. కుడివైపు ఏమీ తెలియలేదు. ఎడమ జబ్బ మీద ఎవరో ఎండుమిరపకాయ చీల్చి రుద్దినట్టయింది.

“జోగారావుగారూ, ఈ పట్టీ పాడైంది.”

ఆయన పట్టీ మార్చాడు. మంట మారలేదు. పళ్లెం కడిగి, కొత్త ద్రవం పోశాడు. మంట మారలేదు. చివరికి తానే కట్టుకుని, “ఓరి నాయనో!” అని విప్పి బల్ల మీద పడేశాడు. 

“పట్టీ బాగానే ఉంది మేడమ్. ఆవిడ చెయ్యే ఇలగుంది.”

కంటికి కనిపించని మంటను లెక్కలోకి తీసుకోవాలని అందరితో వాదించిన హైమవతి, అత్తగారి చేయి దగ్గర మాత్రం కంటినే నమ్మింది. మొద్దుబారినట్టు కనిపించింది కనుక మొద్దుబారిందే అనుకుంది. ఆ సంగతి జోగారావు అనలేదు. ఆమెకే తోచింది.

రెండు చర్మాల మీదా మామిడి తొక్క సారం చుక్కలు వేసి, పట్టీలతోనే ఇంటికి వెళ్లింది. వంటింట్లో గున్నమ్మ చింతపండు పిసుకుతూ ఉంది. గాజు పళ్లెంలో ఊరికే పడి ఉన్న చర్మమే ఇంతగా మండుతుంటే, పులుసులో మునిగిన చెయ్యి ఎలా ఉంటుందో హైమవతి ఊహించబోయి ఆగిపోయింది.

“నేను పిసుకుతాను, ఇలా ఇవ్వండి అత్తయ్యా.”

“నువ్వు పిసికితే సగం పులుపు పిప్పిలోనే ఉండిపోతాది. వొగ్గెయ్.”

మరునాడు కూడా కుడివైపు నెమ్మదిగానే ఉంది. ఎడమవైపు పాత మంట అలాగే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం భోజనాలు వడ్డిస్తుండగా ఎడమ జబ్బ మీద దురద మొదలైంది. పప్పు వడ్డించేసరికి అది మంటగా మారింది. పులుసు దగ్గరికి వచ్చేసరికి హైమవతి చేతిలోని గరిటె జారి కింద పడింది.

“ఏటైందే?” అంది గున్నమ్మ లేచి.

“మీ చెయ్యి, అత్తయ్యా.”

“నా సెయ్యి నా దగ్గరే ఉంది కదే!”

హైమవతి కుర్చీలో కూలబడి, జబ్బ పట్టుకుని అడిగింది: “మామిడి తొక్కలు తీసినప్పుడు మీ చేతులు మండవా?”

“వెంటనే మండవు. రెండ్రోజులకి దురదెట్టి మండుతాయి. ఏసంగి కదా. ఏసంగిలో అందరి సేతులూ మండుతాయి.”

“నాకు మండవు.”

“నువ్వు తొక్క తీసేవేటి ఎప్పుడైనా? నేను కోసిస్తే తింటావు.”

“చైత్రకీ మండవు. దాని చర్మానికి మీ తొక్కల పొడి సరిపడింది.”

గున్నమ్మ ముఖం వెలిగిపోయింది. “సరిపడిందా! నేను సెప్పలేదేటి? ఒసే చైతూ, మీ అమ్మ ఓడిపోయిందే!”

“అత్తయ్యా, ముందు నా మాట వినండి. వేసంగి కాని రోజుల్లో?”

“ఆ రోజుల్లో మామూలు మంటే. ఒంట్లో రగతం తిరుగుతుంటే సేతులు వెచ్చగా ఉండవేటి? అందరికీ ఉండేదే కదే.”

త్రినాథ్ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తల్లి చేతి ముద్దలు తిని పెరిగినవాడు అతడు.

మామిడీ జీడీ ఒకే కుటుంబపు చెట్లు. జీడిపిక్క తొక్కులోని కాల్చే పదార్థానికి దగ్గరి చుట్టం మామిడి సొనలోనూ తొక్కలోనూ ఉంటుంది. బట్టీలో పాతికేళ్లు జీడినూనె తగిలిన చర్మం ఆ చుట్టాన్ని ఏటేటా గుర్తుపడుతూనే వచ్చింది. పండు గుజ్జులో అది లేనట్టే కనుక గున్నమ్మ మామిడిపండ్లు హాయిగా తింటూ వచ్చింది. హైమవతి ఇదంతా వివరించింది. గున్నమ్మ వింది గానీ, ఆమె మనసు వేరే చోట ఆగింది.

“అయితే మీకెవరికీ మంట లేదంటావు?”

“లేదు.”

“మరెలాగుంటాది?”

“నాది పెట్టి చూపించమ్మా” అంది చైత్ర. హైమవతికి అందులో తప్పేమీ తోచలేదు. ఇన్నేళ్లు మంటలో ఉన్న మనిషికి కాసేపు చల్లదనం ఇవ్వడం మంచిపనే అనుకుంది. కుడి జబ్బ పట్టీ విప్పి, దాని సంకేతం చేతి వరకూ పాకేలా సరిచేసి, అత్తగారి మణికట్టుకు కట్టింది. పట్టీ పనిచేస్తున్నంతసేపూ ఆ చేతి సొంత స్పర్శ అడుగున పడిపోతుంది.

గున్నమ్మ కొద్దిసేపు ఎదురుచూసింది. “ఏదీ? ఏటీ రాలేదే.”

“వచ్చింది అత్తయ్యా. అదే.”

“అదంటే?”

“చర్మం. ఊరికే ఉన్న చర్మం.”

గున్నమ్మ అరచెయ్యి తిప్పి చూసుకుంది. మెల్లగా మూసింది, తెరిచింది. “ఓలమ్మ, ఇలగుంటాదా మీకందరికీ!” అంది.

తరవాత పట్టీ విప్పారు.

*

విప్పాక జరగబోయేది హైమవతి లెక్కలో లేదు. సాయంత్రం గున్నమ్మ పాలగిన్నె దించబోయి, చెయ్యి వెనక్కి లాక్కుని, గుడ్డ అడిగింది. ఆ ఇంట్లో ఆమె గుడ్డ అడగడం అదే మొదలు. చన్నీళ్ల బకెట్టులో చేతులు పెట్టుకుని పెరట్లో కూర్చుంది. మరునాడు డాబా ఎక్కలేదు. చాటల్లో తొక్కలు ఎవరూ తిరగేయక ఒకవైపే మాడాయి.

“మంట పెరిగిందా అత్తయ్యా?”

“పెరగలేదే. అదే మంట. నిన్నటిదాకా అది మంటని నాకు తెలీదు.” చేతులు బకెట్టులోనే ఉంచి కోడలి వైపు చూసింది. “నాకెందుకు సూపించేవే? బాగానే ఉండేదాన్ని కదా.”

మళ్లీ పట్టీ తెస్తాను, రోజూ కాసేపు కట్టుకోండి అంది హైమవతి. “వద్దే. అలవాటైతే మరీ కష్టం” అని గున్నమ్మ తల తిప్పేసింది. తోడుచర్మం కొద్ది వారాలకు మించి బతకదని ఆమెకు జోగారావు అంతకుముందే చెప్పాడు.

చర్మవైద్యురాలు చేతులకు మందు రాసి ఇచ్చింది. ఎంత తగ్గుతుందో చెప్పలేనంది. పెళ్లి దగ్గరపడుతోంది. గున్నమ్మ చైత్రను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“నలుగు మీ పెద్దత్త సేత పెట్టించుకో.”

“నాకు పెద్దత్త వద్దు.”

“తొక్కపొడి లేకపోతే అది మా నలుగు కాదు. తొక్కపొడైతే నా వల్ల కాదు. తెలీకముందైతే పెట్టీదాన్ని.”

“గ్లౌజులు వేసుకో నానమ్మా.”

“గ్లౌజులేసుకోడానికి అది నలుగా, ఆపరేసనా?” అని గున్నమ్మ ముందు నవ్వింది. తరవాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “మీ తాత పోయేక అందరి పెళ్లిళ్లలోనూ గుమ్మం అవతల నిలబడ్డాను. ఈసారి లోపలికి పిలిచేవు. నా సేతులే రానన్నాయి.”

గుమ్మం దగ్గర నిలబడి విన్న హైమవతి లోపలికి వచ్చింది. ఓదార్చడం ఆమెకు అంతగా చేతకాదు. ప్రశ్న అడగడం వచ్చు.

“మీ పుట్టింట నలుగులో మామిడే ఎందుకు వేసేవారు, అత్తయ్యా?”

“ఎందుకంటే ఏటి సెప్పను? ఏసంగిలో పెళ్లిళ్లు. ఆ కాలానికి సేతికందిన పండు అది.”

“మాఘంలో పెళ్లయితే?”

గున్నమ్మ ఆలోచించింది. “మా సెల్లి పెళ్లి మాఘమాసంలోనే. దానికి రేగుపళ్లు మెదిపేరు.”

“అంటే మీ ఆచారం మామిడి కాదు. ఆ కాలపు పండు.”

“ఇప్పుడు బజారులో ఏముంది?” అంది చైత్ర, నిటారుగా కూర్చుని.

“అరటి, సపోటా, పుచ్చ, దోసపండు” అంది హైమవతి. “రెండు చర్మాలూ ఇంకా బతికే ఉన్నాయి.”

*

ఈసారి గున్నమ్మ కూడా ప్రయోగశాలకు వెళ్లి జోగారావు కుర్చీలో కూర్చుంది. కోడలు ఎడమ జబ్బకు పట్టీ కట్టుకుంటుంటే అడ్డుపడింది.

“నా మంట నీకెందుకే? నాకే కట్టు.”

“మీరు ఏళ్లుగా ఈ మంటలోనే ఉన్నారు. కొత్తది వస్తే మీకు తేడా తెలియదు.”

“రెండేసి రోజులు పడాల కదే.”

“నాకు జీతమిస్తారు, అత్తయ్యా.”

“ఎంతిత్తారేటి నాయినా?” అని గున్నమ్మ జోగారావును అడిగింది.

“ఈ మంటకి చాలదమ్మా” అన్నాడాయన.

పండ్లను ఒకటొకటిగా పరీక్షించారు. అరటి గుజ్జు గున్నమ్మ చర్మానికి పడింది, చైత్ర చర్మాన్ని చిమచిమలాడించింది. సపోటా ఇద్దరికీ పడలేదు. పుచ్చ నీళ్లలా కారిపోయి పిండి నిలవనివ్వలేదు. దోసపండు వేసిన తరవాత హైమవతి రెండు రోజులు రెండు చేతులా ఇంటి పని చేసింది. కుడివైపు మౌనం. ఎడమవైపు పాత మంటే. కొత్తది ఏదీ దాని మీద చేరలేదు. గడువు దాటిన తరవాత కూడా ఆమె ఎడమ పట్టీ విప్పకుండా మరొక పూట ఉంచుకుంది. జోగారావు కోప్పడ్డాడు.

“నియమం రెండు రోజులే మేడమ్. ఇది లెక్కలోకి రాదు.”

“లెక్క కోసం కాదులెండి” అంది హైమవతి.

*

నలుగు నాటి ఉదయం హాలులో పీట వేశారు. గున్నమ్మ దోసపండ్లను తనే ఏరి, తనే చీరి, గుజ్జును పెసరపిండిలో కలిపింది. డాబా మీది తొక్కల పొడి డబ్బాలోనే ఉండిపోయింది. పెద్దత్త వాసన చూసి, “పెళ్లికూతురికి నలుగెడతన్నావా, పచ్చడెడతన్నావా పిన్నీ?” అంది.

“ముందు దానికి కానీనీ. మిగిల్తే నీకూ రాస్తాను, కాస్త తేటపడతావు” అంది గున్నమ్మ. ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. గుమ్మం దగ్గర ఒకరిద్దరు మాత్రం నవ్వకుండా నిలబడ్డారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు.

మొదటి చెయ్యి ఆమెదే. పిండిలో వేళ్లు ముంచి, ఒక్క క్షణం ఆగి, చైత్ర కుడి చెంప మీద పెట్టింది. తరవాత ఎడమ చెంప, గడ్డం, మెడ, భుజాలు.

“మంటగా ఉందేటే?”

“లేదు. నీకో?”

“నాకు మామూలే” అంది గున్నమ్మ. చెయ్యి తీయలేదు.

తక్కినవాళ్లు వంతుల కోసం తొందరపెట్టేదాకా ఆమె రుద్దుతూనే ఉంది.

రెండో రోజు సాయంత్రం హైమవతి ఇద్దరినీ పరిశీలించింది. చైత్ర ఒంటి మీద ఎరుపు గానీ దద్దు గానీ లేదు. మంట లేదని ఆమె చెప్పింది. గున్నమ్మ చేతులకు కొత్తగా దురద రాలేదు. పాత మంట తగ్గలేదు. మామిడి తొక్క సారం చైత్ర చర్మానికి సరిపడింది, గున్నమ్మ చర్మానికి సరిపడలేదు. దోసపండు గుజ్జు ఇద్దరికీ సరిపడింది.